పట్టికలో ప్రథములు, పందెంలో పరాజితులు

2019 మే 12వ తేదీ రాత్రి. హైదరాబాదు నగరంలోని ఉప్పల్ క్రీడామైదానం. ఇండియన్ ప్రీమియర్ లీగ్ ఫైనల్లో ఇక మిగిలింది ఒకే ఒక బంతి. ముంబయి జట్టు చేసిన 149 పరుగులను అధిగమించడానికి చెన్నై జట్టుకు ఇంకా రెండు పరుగులు కావాలి. ఒక్కటి లభించినా ఆట సమమవుతుంది. లసిత్ మలింగ నెమ్మదిగా వేసిన యార్కర్ శార్దూల్ ఠాకూర్ కాలికి తగిలింది. అంపైరు వేలు పైకెత్తాడు. ఒక్క పరుగు తేడాతో ముంబయి విజేత అయింది.

అంతకు రెండేళ్ల ముందు, 2017 మే 21న, అదే మైదానంలో అదే ముంబయి జట్టు పుణె జట్టుపై ఫైనల్ గెలిచింది. అప్పుడు కూడా తేడా ఒక్క పరుగే: 129, 128. ఒకే నగరంలో జరిగిన రెండు ఫైనళ్లూ ఒకే ఒక్క పరుగుతో తేలిపోవడం క్రీడాభిమానులు చిరకాలం చెప్పుకునే విశేషం.

కాని ఆ ఉత్కంఠ చల్లారిన తరువాత ఆలోచనాపరులకు ఒక ప్రశ్న మిగులుతుంది. 2019లో లీగ్ దశలో ముంబయి, చెన్నై జట్లు రెండింటికీ సమానంగా 18 పాయింట్లే వచ్చాయి. ఏడు వారాలపాటు సాగిన శ్రమ ఒక్క బంతితో తేలితే, గెలిచినవారు నిజంగా ఓడినవారికంటె అధికులేనా? అధికులెవరో తెలుసుకోవడానికే పోటీ పెట్టామంటాం. అయితే పోటీ చివరి అంకాన్ని ఇంత పలుచని దారానికి ఎందుకు వేలాడదీస్తాం?

ఈ ప్రశ్న క్రికెట్‌తో పుట్టినది కాదు. వృత్తి క్రీడాకారుల లీగులు ఎక్కడ వెలసినా అక్కడ ఇది తలెత్తింది. దీనితో అందరికంటె ఎక్కువకాలం కుస్తీ పట్టినది అమెరికా దేశపు బేస్‌బాల్.

శరదృతువులో సాగే సమరం

మన దేశంలో దసరా నవరాత్రులు వచ్చే కాలంలోనే అమెరికాలో బేస్‌బాల్ అంతిమ దశ ప్రారంభమవుతుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పాతిక కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్ మహామాయ దేవాలయంలో నవరాత్రి జ్యోతులను దర్శించుకునే రోజులలోనే, అక్కడి ప్రవాసాంధ్రుల పిల్లలు తమ నగరపు జట్టు గెలుస్తుందో ఓడుతుందో అని టెలివిజన్ ముందు రాత్రులు జాగారం చేస్తూ ఉంటారు.

బేస్‌బాల్ లీగ్ దశ మనకు ఊహకందనంత దీర్ఘమైనది. మొత్తం 30 జట్లు; ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడాలి. వసంతకాలంలో మొదలైన ఆట సెప్టెంబరు ముగిసేదాకా దాదాపు ప్రతిదినమూ సాగుతుంది. ఆ తరువాతనే అసలు పరీక్ష. దానినే వారు పోస్ట్‌సీజన్ అంటారు.

మొదట్లో ఈ పరీక్ష చాలా సరళంగా ఉండేది. అక్కడ రెండు ప్రధాన లీగులున్నాయి: 1876లో స్థాపితమైన నేషనల్ లీగ్, 1901లో ప్రధాన లీగుగా రంగంలోకి దిగిన అమెరికన్ లీగ్. 1903లో ఈ రెండు లీగుల ప్రథములు తొలిసారిగా తలపడ్డారు. బోస్టన్ జట్టు పిట్స్‌బర్గ్ జట్టును 5-3 ఆటల తేడాతో ఓడించింది. అదే మొదటి వరల్డ్ సిరీస్. మరుసటి ఏడు న్యూయార్క్ జయంట్స్ జట్టు అవతలి లీగు విజేతతో ఆడడానికి నిరాకరించినందున పోటీ జరగలేదు. 1905 నుంచి అది ఏటేటా జరుగుతూనే ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలూ దానిని ఆపలేకపోయాయి. 1994లో మాత్రం క్రీడాకారుల సమ్మె ఆపగలిగింది.

ఆ రోజులలో రెండు లీగుల ప్రథములు తప్ప మూడో జట్టుకు అక్టోబరు నెలలో పని ఉండేది కాదు. జట్ల సంఖ్య పెరిగినకొద్దీ పరిస్థితి మారింది. పది పన్నెండు జట్లున్న లీగులో ఒకే ఒక్క స్థానానికి విలువ ఉంటే, జూలై నాటికే సగం నగరాలు ఆశలు వదులుకుంటాయి. ఖాళీ కుర్చీల ముందు ఆడే ఆటకు ఆదాయం ఎక్కడిది? అందువల్ల 1969లో ఒక్కొక్క లీగును రెండు విభాగాలుగా చేసి, వాటి విజేతల మధ్య మరొక అంచెను ప్రవేశపెట్టారు. 1994 నుంచి విభాగాలు మూడయ్యాయి. విభాగంలో ప్రథమ స్థానం దక్కకపోయినా మిగిలినవారిలో మెరుగైన జట్టుకు ‘వైల్డ్ కార్డ్’ పేరుతో ప్రవేశం లభించింది. 2022 నుంచి మొత్తం పన్నెండు జట్లకు అంతిమ దశలో చోటు కల్పిస్తున్నారు. మొదటి అంచెలో మూడు ఆటలలో రెండు గెలవాలి. రెండవ అంచెలో అయిదింట మూడు, తరువాతి రెండు అంచెలలోనూ ఏడింట నాలుగు గెలవాలి.

తలుపు వెడల్పు చేసినకొద్దీ లోపలికి వచ్చేవారు పెరుగుతారు. వచ్చినవారిలో ఎవరు నెగ్గుతారో చెప్పడం కష్టమవుతుంది. 2001లో సియాటిల్ జట్టు లీగ్ దశలో 116 ఆటలు గెలిచింది. కాని అంతిమ దశలో న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడి, వరల్డ్ సిరీస్ గడప కూడా తొక్కలేదు. 2022లో 111 ఆటలు గెలిచిన లాస్ ఏంజిలిస్ జట్టును 89 మాత్రమే గెలిచిన సాన్‌డియేగో జట్టు ఇంటికి పంపింది. 2006లో కేవలం 83 విజయాలతో లోపలికి వచ్చిన సెయింట్ లూయిస్ జట్టు ఏకంగా వరల్డ్ సిరీస్‌నే గెలుచుకుంది. 2023లో వరల్డ్ సిరీస్ ఆడిన జట్లు రెండూ వైల్డ్ కార్డ్ ద్వారా వచ్చినవే. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని మన పెద్దలు ఊరకనే అనలేదు.

ఏడు ఆటలతో తేలని లెక్క

మరి ఒకే ఆటకు బదులు ఏడు ఆటలు ఆడించడంలో ప్రయోజనమేమిటి? బేస్‌బాల్‌లో దీనికి ఒక సహజమైన కారణముంది. ఆ ఆటలో బంతి విసిరే పిచర్‌దే ప్రధాన పాత్ర. ఆటను ఆరంభించే పిచర్ ఒకసారి బరిలోకి దిగితే నాలుగైదు రోజులు భుజానికి విశ్రాంతి ఇవ్వవలసి ఉంటుంది. కనుక ఒకే ఆటతో తేల్చేస్తే అది రెండు జట్ల మధ్య పోటీ కాదు, ఆనాటి ఇద్దరు పిచర్ల మధ్య పోటీగా మిగిలిపోతుంది. వరుసగా కొన్ని ఆటలు ఆడితే జట్టు సమగ్రబలం బయటపడుతుంది.

అయినా ఎంత బయటపడుతుంది? కాగితం, పెన్సిలు తీసుకుంటే పాఠకులే లెక్క వేసి చూడవచ్చు. ఒక జట్టు తన ప్రత్యర్థికంటె కొంచెం మెరుగైనదనుకుందాం. నూరు ఆటలాడితే అది 55 గెలుస్తుందనుకుందాం. ఒకే ఆటతో తేలిస్తే మెరుగైన జట్టు నెగ్గే అవకాశం నూటికి 55. మూడింట రెండు గెలవాలన్న నియమం పెడితే అది 57కు పైబడుతుంది. అయిదింట మూడు అంటే 59. ఏడింట నాలుగు అంటే సుమారు 61. అనగా ఏడు ఆటల పరీక్ష పెట్టినా, నూటికి 39 సార్లు తక్కువ జట్టే కిరీటం ధరిస్తుంది. ఆటల సంఖ్యను ఏడింతలు చేస్తే న్యాయం పెరిగింది ఆరుపాళ్లు మాత్రమే.

కాబట్టి అంతిమ దశ అధికులెవరో నిరూపించే త్రాసు కాదు. నిజంగా అధికులెవరో తెలుసుకోవాలంటే లీగ్ పట్టికను చూస్తే చాలు. ఇంగ్లండులో 1888లో ఆరంభమైన ఫుట్‌బాల్ లీగు నేటికీ ఆ మార్గాన్నే అనుసరిస్తున్నది. అక్కడి ప్రథమ శ్రేణిలో ఎవరు పట్టికలో పైన నిలిస్తే వారే విజేతలు. ఆపైన ఫైనల్ అనేది లేదు. అది నిస్సందేహంగా న్యాయమైన పద్ధతి. కాని ఒక జట్టు బాగా ముందుకు దూసుకుపోతే, ఇంకా నెలరోజుల ఆట మిగిలి ఉండగానే కథ ముగిసిపోతుంది.

పందెం మీద అన్నీ ఒడ్డడం వల్ల కలిగే ఉద్వేగం తెలుగువారికి కొత్తది కాదు. కోడిపోరు మీద రాజ్యాన్ని ఒడ్డిన పల్నాటి కథను మన పల్లెలు తరతరాలుగా విన్నాయి. ఆ కథ మనకు రెండు విషయాలు చెబుతుంది. ఒకే పందెం మీద తీర్పు వదిలితే ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఓడినవాడు మాత్రం ఆ తీర్పును మనసారా ఒప్పుకోడు.

ఓడినవారికి మరొక తలుపు

ఉద్వేగం పోకూడదు, పట్టికలో పైకి చేరడానికి పడిన శ్రమ వృథా కాకూడదు. ఈ రెండింటినీ పొసగించే ఉపాయాన్ని ఆలోచించినవారు ఆస్ట్రేలియా దేశస్థులు. 1931లో విక్టోరియా రాష్ట్రపు ఫుట్‌బాల్ లీగులో ఈ పద్ధతి అమలులోకి వచ్చింది. దీనిని రూపొందించినది కెన్ మెకింటైర్ అనే న్యాయవాది. రిచ్‌మండ్ క్లబ్బు కార్యదర్శి పెర్సీ పేజ్ పేరు మీద ఇది పేజ్ పద్ధతిగా ప్రసిద్ధికెక్కింది.

పద్ధతి సులభమే. పట్టికలో మొదటి నాలుగు జట్లను తీసుకుంటారు. ఒకటి, రెండు స్థానాల జట్లు పరస్పరం తలపడతాయి. గెలిచినది నేరుగా ఫైనల్ చేరుతుంది. ఓడినది ఇంటికి పోదు. దానికి ఇంకొక అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాల జట్లు వేరుగా తలపడతాయి. అందులో ఓడినది నిష్క్రమిస్తుంది. గెలిచినది మొదటి పోటీలో ఓడిన జట్టుతో ఆడాలి. ఆ ఆటలో నెగ్గినవారు ఫైనల్లో ప్రవేశిస్తారు.

నాలుగు జట్లూ సమబలం గలవే అనుకుంటే, మామూలు సెమీఫైనళ్ల పద్ధతిలో ఒక్కొక్క జట్టుకూ టైటిల్ అవకాశం నూటికి 25. పేజ్ పద్ధతిలో మొదటి రెండు జట్లకూ ఒక్కొక్కదానికి 37.5, మూడు, నాలుగు స్థానాల జట్లకు 12.5 చొప్పున మాత్రమే. అంటే పైనున్నవారికి క్రిందివారికంటె మూడురెట్లు అవకాశం. పట్టికలో సంపాదించిన స్థానం ఆ విధంగా ఫలితమిస్తుంది.

బేస్‌బాల్‌కు చెల్లెలివంటిదైన సాఫ్ట్‌బాల్‌లో ఈ రెండవ తలుపు ఎంతటి కథను నడిపిందో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ప్రపంచం చూసింది. జపాన్ జట్టు మొదట అమెరికా చేతిలో ఓడింది. అదేరోజు ఆస్ట్రేలియాతో పన్నెండు ఇన్నింగ్సులు పోరాడి నెగ్గింది. మరునాడు ఫైనల్లో అదే అమెరికాను 3-1 తేడాతో ఓడించి స్వర్ణపతకం గెలుచుకుంది. ఆ మూడు ఆటలలోనూ జపాన్ పిచర్ యుకికో ఉయెనో రెండు రోజులలో 413 బంతులు విసిరింది. రెండవ అవకాశం ఎవరికైనా ఇవ్వవచ్చు. దానిని అందుకోవడానికి కావలసిన భుజబలం మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

హైదరాబాదు నడిచిన దారులు

ఇండియన్ ప్రీమియర్ లీగ్ మొదటి మూడేళ్లు, అనగా 2008 నుంచి 2010 వరకు, మామూలు సెమీఫైనళ్లనే నడిపింది. 2011 నుంచి పేజ్ పద్ధతిని అనుసరిస్తున్నది. ఈ రెండు పద్ధతుల మంచిచెడ్డలను తెలుసుకోవడానికి హైదరాబాదు జట్ల చరిత్రను మించిన పాఠం లేదు.

2008లో డెక్కన్ చార్జర్స్ జట్టు ఆడిన 14 ఆటలలో రెండే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడు మన దేశంలో సార్వత్రిక ఎన్నికల కారణంగా పోటీలు దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. అక్కడ ఆ జట్టు ఏడు గెలిచి, ఏడు ఓడి, నాలుగో స్థానంతో సెమీఫైనల్ చేరింది. ప్రత్యర్థి పది విజయాలతో అగ్రస్థానంలో ఉన్న ఢిల్లీ. సెంచూరియన్ మైదానంలో కెప్టెన్ ఆడమ్ గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు చేసి ఢిల్లీ ఆశలను అడుగంటించాడు. రెండు రోజుల తరువాత, 2009 మే 24న, జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి డెక్కన్ చార్జర్స్ విజేత అయింది. తెలుగునాట ఆనందం వెల్లివిరిసింది. కాని ఢిల్లీ వైపునుంచి చూస్తే? పది విజయాల కష్టం ఒక్క సాయంకాలంతో తుడిచిపెట్టుకుపోయింది. రెండో తలుపు అనేది అప్పటికి లేదు.

2016లో ఆ తలుపు ఉంది. అయినా హైదరాబాదుకే పట్టం కట్టింది. డేవిడ్ వార్నర్ నాయకత్వంలోని సన్‌రైజర్స్ జట్టు మూడో స్థానంలో నిలిచింది కనుక ఒక్క ఓటమికి కూడా దానికి వెసులుబాటు లేదు. మే 25న ఢిల్లీలో కోల్‌కతాను 22 పరుగుల తేడాతో ఓడించింది. మే 27న అక్కడే అగ్రస్థానపు గుజరాత్‌తో తలపడి, వార్నర్ అజేయంగా చేసిన 93 పరుగుల బలంతో నాలుగు వికెట్ల తేడాతో గట్టెక్కింది. మే 29న బెంగళూరు జట్టును దాని సొంత మైదానంలోనే ఎదుర్కొని 208 పరుగులు చేసింది. క్రిస్ గేల్, విరాట్ కోహ్లీ తొలి వికెట్టుకు 114 పరుగులు జోడించినప్పుడు అంతా అయిపోయిందనుకున్నారు. గేల్ 76, కోహ్లీ 54 చేసి వెనుదిరిగాక ఆట మలుపు తిరిగింది. బెంగళూరు 200 వద్ద ఆగిపోయింది. అయిదు రోజుల వ్యవధిలో మూడు ఆటలు, మూడు విజయాలు.

ఈ సాహసం ఎంత అరుదైనదో గణాంకాలు చెబుతాయి. 2011 నుంచి 2025 వరకు జరిగిన పదిహేను పోటీలలో, మూడు లేక నాలుగు స్థానాల నుంచి బయలుదేరి టైటిల్ గెలిచినది 2016 నాటి హైదరాబాదు ఒక్కటే. పన్నెండుసార్లు మొదటి క్వాలిఫయర్ గెలిచినవారే విజేతలయ్యారు. ఆ ఆటలో ఓడి, రెండవ అవకాశాన్ని వినియోగించుకొని టైటిల్ గెలిచినది ముంబయి మాత్రమే. 2013లో ఒకసారి, 2017లో ఒకసారి. మరొక విచిత్రముంది. ఆ పదిహేనేళ్లలో పట్టికలో ప్రథమ స్థానం పొందిన జట్టు విజేత అయినది అయిదుసార్లే. రెండవ స్థానపు జట్టుకు తొమ్మిదిసార్లు ఆ భాగ్యం కలిగింది.

ప్రథమ స్థానపు చేదును కూడా హైదరాబాదు రుచి చూసింది. 2018లో అది పట్టికలో అగ్రస్థానం పొందింది. మొదటి క్వాలిఫయర్‌లో చెన్నై చేతిలో రెండు వికెట్ల తేడాతో ఓడింది. రెండో తలుపు గుండా కోల్‌కతాను దాటి ఫైనల్ చేరింది. అక్కడ మళ్లీ చెన్నై జట్టే ఎదురైంది. షేన్ వాట్సన్ 57 బంతులలో 117 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. 2024లో రెండవ స్థానంతో వచ్చిన జట్టుకూ ఇదే అనుభవం. కోల్‌కతా చేతిలో ఓడి, రాజస్థాన్‌పై గెలిచి, ఫైనల్లో మళ్లీ కోల్‌కతానే ఎదుర్కొని 113 పరుగులకే కుప్పకూలింది. ఓడినవారికి మరొక తలుపు తెరిచారు సరే, ఆ తలుపు వెనుక తమను ఓడించినవారే కాచుకొని ఉన్నారు.

నాలుగో స్థానంలోని దైన్యం కూడా ఆ జట్టుకు తెలుసు. 2019లో 12 పాయింట్లతోనే అంతిమ దశ చేరిన సన్‌రైజర్స్ విశాఖపట్నంలో ఢిల్లీతో ఎలిమినేటర్ ఆడి, ఇంకా ఒక్క బంతి మిగిలి ఉండగా రెండు వికెట్ల తేడాతో ఓడిపోయింది. ఇక వరుణుడి పాత్ర సంగతి 2017లోనే తెలిసివచ్చింది. బెంగళూరులో ఎలిమినేటర్ వానలో చిక్కుకొని, అర్ధరాత్రి దాటిన తరువాత కోల్‌కతా లక్ష్యం ఆరు ఓవర్లలో 48 పరుగులకు కుదిరింది. అంతకు ముందటి ఏడు విజేత అయిన హైదరాబాదు కథ ఆ రాత్రే ముగిసింది.

రెండు ప్రతిభలు

ఇన్ని దృష్టాంతాల తరువాత మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. గెలిచినవారు నిజంగా అధికులేనా? కావచ్చు, కాకపోవచ్చు. లీగ్ దశ ఒక ప్రతిభను కొలుస్తుంది. అంతిమ దశ వేరొక ప్రతిభను కొలుస్తుంది. గాయాలను, ప్రయాణాలను, అపజయాలను తట్టుకొని వారాల తరబడి నిలకడగా ఆడడం మొదటిది. రేపన్నది లేని ఒక రాత్రి, తనకున్న సర్వశక్తినీ ఆ కొద్ది గంటలలో వెలికితీయడం రెండవది. రైతుకు ఏడాదంతా సాగే ఓర్పు ఎంత అవసరమో, గాలివాన ముంచుకొచ్చిన రాత్రి కుప్పను కాపాడుకునే చురుకుదనమూ అంతే అవసరం. ఒకటి ఉన్నదని రెండవదాన్ని తీసిపారేయలేం.

అయితే ఈ రెండు ప్రతిభలకు మనం ఇచ్చే గౌరవంలో మాత్రం సమానత లేదు. ఫైనల్ గెలిచిన జట్టు పేరు చిరస్థాయిగా నిలుస్తుంది. పట్టికలో ప్రథమంగా నిలిచిన జట్టు పేరు మరుసటి ఏటికే మరుగున పడుతుంది. 116 ఆటలు గెలిచిన సియాటిల్ ఆటగాళ్లను, పది విజయాల ఢిల్లీ జట్టును, 2018 నాటి హైదరాబాదును ‘ఓడినవారు’ అని ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం. వారు ఓడినది ఒకటి రెండు ఆటలు. గెలిచినది ఒక ఋతువు.

పద్ధతిని ఎంత సవరించినా అదృష్టం పాత్రను పూర్తిగా తొలగించలేమని పైన వేసుకున్న లెక్కే చెబుతున్నది. మనం చేయగలిగినది, శ్రమించి పైకి వచ్చినవారికి ఒక తలుపు అదనంగా తెరిచి ఉంచడం. ఆ తలుపు కూడా మూసుకుపోయినవారి కష్టాన్ని గుర్తుంచుకోవడం మాత్రం ప్రేక్షకుల బాధ్యత. ఈసారి ఏ లీగులోనైనా ఫైనల్ ముగిసి బాణసంచా వెలుగులు ఆరిన తరువాత, పత్రికలో ఒక మూల అచ్చయ్యే పాయింట్ల పట్టికను కూడా ఒక్కసారి చూడండి. ఆ ఏటి కథలో సగం అక్కడే ఉంటుంది.